శంకర్‌పల్లి దగ్గర రెండు గుంటల్లో ద్రాక్ష: ఏ రకం, మొక్కలు ఎట్లా చూసి కొనాలి?

చెల్కపందిరి:
రెండు గుంటల ఎర్రచెల్క ఉంది. ఇంటి మందం తినడానికి, కొంచెం రసానికి ఇరవై ద్రాక్ష మొక్కలు పెడదామని ఆలోచన. బోరు నీళ్ల ఈసీ (నీళ్లలో ఉప్పు ఎంతుందో చెప్పే కొలత) 1.6 వచ్చింది. నర్సరీలో కవర్లలో ‘సీడ్‌లెస్’ అని అమ్ముతున్నారు, రకం అడిగితే థాంప్సన్ అంటున్నారు. తీసుకోవచ్చా?

అంటుకత్తి:
ఆ నీళ్లకి సొంతవేరు మొక్క (అంటు లేకుండా కొమ్మ గుచ్చి పెంచింది) వద్దండి. ఈసీ 1 దాటితేనే ద్రాక్షకు ఇబ్బంది మొదలు. ముదురాకుల అంచులు మాడుతూ వస్తాయి. డాగ్‌రిడ్జ్ లేదా 110ఆర్ వేరుమూలం (అంటు కింద వేళ్లిచ్చే వేరే రకం ద్రాక్ష) మీద కట్టిన అంటు మొక్కే కావాలి. డాగ్‌రిడ్జ్ నీటి ఎద్దడికీ వేళ్లను పట్టే నులిపురుగులకీ తట్టుకుంటుంది గానీ తీగ మరీ ఏపుగా పోతుంది. దొరికితే 110ఆర్ నయం.

ఇక థాంప్సన్. మార్కెట్లో చూసే లావు కాయ జిబ్బరెల్లిక్ ఆమ్లం అనే పెరుగుదల మందు పుణ్యం. అది కొట్టకపోతే కాయ చిన్నగానే ఉంటుంది, తీపికి లోటుండదు. రసానికైతే బెంగళూరు బ్లూ పెట్టండి. గింజలుంటాయి, తోలు మందం, కానీ మచ్చ తెగులుకు (ఆంత్రక్నోస్) అంత తేలిగ్గా లొంగదు. అనాబ్-ఎ-షాహీ హైదరాబాద్‌కి పేరు తెచ్చిన రకమే అయినా వానల్లో బూజు తెగులు దాన్ని వదలదు. సరదాకి రెండు చాలు, వాటికి పందిరి తప్పదు.

మోడుకొమ్మ:
కొనేటప్పుడు కవరు పక్కకు వంచి కాండం మొదలు చూడండి. అంటు కట్టిన చోట కణుపులా ఉబ్బు, పైనా కిందా బెరడులో తేడా కనిపించాలి. నున్నగా ఒకటే కాండం ఉంటే అది కొమ్మ గుచ్చి పెంచిన మొక్క, అంటు కాదు. రకం మాటల మీద నమ్మొద్దు, కాపు మీదున్న తల్లితీగ చూపించమనండి. రాజేంద్రనగర్ ద్రాక్ష పరిశోధన కేంద్రంలో కూడా ఒకసారి అడగండి.

ఇంకో దారి: జనవరి, ఫిబ్రవరిలో వేరుమూలం నాటి, ఆగస్టు, సెప్టెంబరులో పొలంలోనే అంటు కట్టించడం. నేలకు అడుగు ఎత్తున, పెన్సిల్ మందం కాండం మీద కట్టాలి. డాగ్‌రిడ్జ్ కొమ్మ గుచ్చితే వేరు పోయడం కష్టం, వేళ్లొచ్చిన మొక్కే తెచ్చుకోండి.

చెల్కపందిరి:
ఈరోజు చూశాను అన్నా. ఉబ్బు ఉంది, కానీ మట్టిలో సగం మునిగి ఉంది.

మోడుకొమ్మ:
పైమట్టి తీసి చూడండి. ఉబ్బు పైనుంచి వేళ్లు దిగి ఉంటే వదిలేయండి, ఆ వేళ్లు మీ ఉప్పునీళ్లు తాగితే వేరుమూలం ఉండీ లాభం లేదు. లేకపోతే తీసుకుని, ఉబ్బు మట్టికి తగలకుండా నేల పైనే ఉండేలా నాటండి. దాని కింద పిలక వస్తే వెంటనే గిల్లండి.

అంటుకత్తి:
కత్తిరింపు కూడా రకాన్ని బట్టే. అక్టోబరులో బెంగళూరు బ్లూకి కొమ్మకు మూడు నాలుగు కళ్లు (చిగురొచ్చే మొగ్గలు) ఉంచితే గుత్తి వస్తుంది. థాంప్సన్‌ని అట్లా కోస్తే ఆకులే. దానికి పది కళ్ల దాకా ఉంచాలి. ఏప్రిల్ కత్తిరింపు మాత్రం మానొద్దు. ఆ తర్వాత వచ్చే చిగుళ్లలోనే, ఎండ తగిలిన రెండు నెలల్లో, వచ్చే కాపు గుత్తులు లోపల తయారవుతాయి. పందిరి మీద తీగలు గుబురుగా కమ్ముకుంటే అక్కడే దెబ్బ, కొన్ని తీసి వెలుతురు పడనివ్వండి.