జులైలో డాలస్ వస్తున్నాం: కరెంటు కంపెనీ, పిల్లల బడి ఎలా ఎంచుకోవాలి?

ప్రశ్న

నమస్కారమండీ. 2026 జులై మొదటి వారంలో హైదరాబాద్ నుంచి డాలస్ వస్తున్నాం. ఆఫీసు ప్లానోలో, ఇల్లు ఫ్రిస్కోలో చూస్తున్నాం. నాది హెచ్1బి, ఇంట్లోవాళ్లకి హెచ్4. బాబు మూడో తరగతి, పాపకి ఆగస్టులో నాలుగేళ్లు నిండుతాయి. అపార్ట్‌మెంట్ వాళ్లు కరెంటు కంపెనీని మీరే చూసుకోండి అంటున్నారు. సైటు తెరిస్తే వంద ప్లాన్లు కనిపిస్తున్నాయి. ప్రైవేటు బడికి టెక్సస్ ప్రభుత్వం పదివేల డాలర్లు ఇస్తుందని వాట్సాప్‌లో తిరుగుతోంది, అది మాకు వర్తిస్తుందా? తెలిసినవాళ్లు చెప్పగలరు.

జవాబు 1: కరెంటు

ప్లాన్ల జోలికి పోకముందు లీజింగ్ ఆఫీసుని ఒక్కటి అడగండి: ఆ బిల్డింగుకి తీగలు ఎవరివి? ఫ్రిస్కోలో కొంత భాగం ఆన్‌కోర్ అనే తీగల కంపెనీ కింద, కొంత భాగం కోసర్వ్ అనే సహకార సంఘం కింద ఉంది. కోసర్వ్ అయితే మీకు ఎంపికే లేదు, వాళ్ల దగ్గరే తీసుకోవాలి. ఆన్‌కోర్ అయితేనే ఈ కింద రాసిందంతా. ఆస్టిన్, శాన్ ఆంటోనియో, డెంటన్, గార్లండ్‌లలో నగరపాలక సంస్థలే కరెంటు అమ్ముతాయి కాబట్టి అక్కడా ఈ గొడవ లేదు.

ఎందుకిలా అంటే, 1999లో గవర్నర్ జార్జ్ బుష్ సంతకం చేసిన సెనేట్ బిల్లు 7 ఉత్పత్తిని, తీగలని, అమ్మకాన్ని విడదీసింది. 2002 జనవరి 1 నుంచి అమ్మకంలో పోటీ మొదలైంది. మన ఎలక్ట్రిసిటీ బోర్డుని జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా చీల్చింది కూడా 1999లోనే. కాకపోతే మన దగ్గర ఇంటికి అమ్మే పని డిస్కమ్ చేతిలోనే ఉండిపోయింది, ఇక్కడ దాన్ని కూడా బజారుకి వదిలేశారు. తీగలు, మీటరు మాత్రం ఆన్‌కోర్‌వే. ఏ కంపెనీ దగ్గర కొన్నా కరెంటు పోతే ఫోన్ చెయ్యాల్సింది ఆన్‌కోర్‌కే. ఖరీదైన కంపెనీని పెట్టుకుంటే కరెంటు తక్కువ పోతుందన్న మాటలో నిజం లేదు.

ప్లాన్లు చూడాల్సింది రాష్ట్రంలో కరెంటు నియమాలు చూసే పబ్లిక్ యుటిలిటీ కమిషన్ నడిపే 'పవర్ టు చూజ్' సైటులో. ప్రతి ప్లానుకీ ఎలక్ట్రిసిటీ ఫ్యాక్ట్స్ లేబుల్ అనే కాగితం ఉంటుంది. దాంట్లో 500, 1000, 2000 యూనిట్లకి సగటు ధర వేస్తారు, ఆన్‌కోర్ ఛార్జీలు కూడా కలిపే. మూడు అంకెలూ దగ్గరదగ్గరగా ఉంటే అది నిఖార్సయిన ప్లాను. 1000 దగ్గర మాత్రం ధర ధభీమని పడిపోయి ఉంటే అందులో బిల్ క్రెడిట్ ఉంది, అంటే అంత వాడితేనే ఇచ్చే తగ్గింపు. కొత్తవాళ్లు పడే గుంట ఇదే.

లెక్క వేసి చూద్దాం. యూనిట్ 18 సెంట్లు, 1000 చేరితే 100 డాలర్ల తగ్గింపు అనుకోండి. సరిగ్గా 1000 యూనిట్లకి బిల్లు 80 డాలర్లు, అంటే యూనిట్ 8 సెంట్లు. సైటులో పై వరసలో కనిపించేది ఈ 8. అదే 990 వాడితే 178 డాలర్ల 20 సెంట్లు. రెండు పడగ్గదుల ఇంట్లో ఏడాదికి 10,950 యూనిట్లు అయి, ఎండాకాలం నాలుగు నెలలే 1000 దాటాయనుకుంటే మొత్తం 1,571 డాలర్లు. అన్ని యూనిట్లకీ 13 సెంట్లే తీసుకునే సాదా ప్లానులో అదే వాడకానికి 1,423 డాలర్లు. 8 సెంట్లని చెప్పింది చివరికి 14 పైనే పడింది.

తెలంగాణ నుంచి వచ్చేవాళ్లకి ఇది ఒక్క ముక్కలో అర్థమవుతుంది. గృహజ్యోతిలో 200 యూనిట్ల దాకా ఉచితం, దాటితే బిల్లంతా మన మీద పడుతుంది. ఇక్కడ 1000 దాటకపోతే పడుతుంది. లైట్లు ఆర్పి పొదుపు చేసే ఇల్లు బిల్ క్రెడిట్ ప్లాను తీసుకుంటే ఆ పొదుపే నష్టం తెస్తుంది. 'రాత్రిళ్లు ఉచితం' ప్లాన్లు కూడా అంతే. పగటి యూనిట్ ధర పెంచి దాన్ని రాబడతారు, ఇంట్లో పగలంతా మనుషులుండి ఏసీ నడిచే కుటుంబానికి అవి పనికిరావు.

జవాబు 2: కనెక్షన్ పెట్టుకునే పద్ధతి

పైన చెప్పింది సరిగ్గా ఉంది. పద్ధతి నేను చెప్తాను.

లీజు మీద సంతకం అయ్యాక మీ ఫ్లాటు ఈఎస్ఐ ఐడీ తీసుకోండి. అది మీటరు నంబరులాంటిది, 17 లేదా 22 అంకెలుంటాయి. అడ్రసుతో వెతికితే కంపెనీ సైటులోనే వస్తుంది, కానీ ఫ్లాటు నంబరు తప్పు పడితే పక్కవాళ్ల మీటరు మీ పేరు మీదకి వస్తుంది. తర్వాత విడదీయడానికి తల ప్రాణం తోకకొస్తుంది. 'మూవ్ ఇన్' అని నొక్కాలి, 'స్విచ్' అని కాదు. కంపెనీ మారేవాళ్లకి మూడు పనిదినాల్లో రద్దు చేసుకునే హక్కు ఉంటుంది, కొత్తగా దిగేవాళ్లకి అది లేదు. కాబట్టి ముందే చూసుకుని తీసుకోండి.

సోషల్ సెక్యూరిటీ నంబరు రాకముందే పాస్‌పోర్టు మీద ఇచ్చే కంపెనీలున్నాయి. క్రెడిట్ చరిత్ర లేదు కనుక డిపాజిట్ అడుగుతారు. కమిషన్ నియమం ప్రకారం అది రెండు నెలల అంచనా బిల్లు, ఏడాది బిల్లులో అయిదో వంతు, ఈ రెండిట్లో ఏది ఎక్కువైతే దాన్ని మించకూడదు. వరసగా 12 నెలలు గడువులోపు కడితే తిరిగి ఇవ్వాలి. లీజింగ్ ఆఫీసు చేతిలో పెట్టే కంపెనీ కరపత్రం వాళ్ల సిఫారసు మాత్రమే, తప్పనిసరి కాదు.

జులైలో 12 నెలల ఒప్పందం చేస్తే అది మళ్లీ జులైలోనే, ధరలు మండే రోజుల్లో ముగుస్తుంది. దొరికితే 9 నెలలో 15 నెలలో తీసుకోండి, ఏప్రిల్‌లోనో అక్టోబరులోనో ముగుస్తుంది. గడువు తేదీ ఫోన్‌లో పెట్టుకోండి. ముగింపుకి 14 రోజుల ముందు నుంచి పెనాల్టీ లేకుండా మారవచ్చు. ఏమీ చెయ్యకపోతే నెలనెలా మారే ధరలోకి జారిపోతారు. మధ్యలో ఇల్లు మారితే, కొత్త అడ్రసు రుజువు చూపిస్తే ఒప్పందం తెంపిన పెనాల్టీ ఉండదు.

ఇంకో మాట. కనెక్షన్ తల్లిదండ్రుల పేరు మీదే ఉండాలి. చాలా స్కూల్ డిస్ట్రిక్టులు (ఒక ప్రాంతంలో ప్రభుత్వ బడులు నడిపే సంస్థలు) బడిలో చేర్చుకునేటప్పుడు లీజుతోపాటు కరెంటు కాగితం అడుగుతాయి.

జవాబు 3: బడి

ఆ పదివేల డాలర్ల సంగతి. 2025 మే 3న గవర్నర్ గ్రెగ్ అబ్బట్ సంతకం చేసిన సెనేట్ బిల్లు 2తో వచ్చిన ఎడ్యుకేషన్ ఫ్రీడమ్ అకౌంట్లు అవి. నిజమైన పథకమే. ప్రైవేటు బడిలో చేరే పిల్లకి ఏడాదికి సుమారు 10,500 డాలర్లు, ఇంట్లో చదివించుకుంటే 2,000 వరకు, వైకల్యమున్న పిల్లలకి 30,000 వరకు. మొదటి విడతకి 100 కోట్ల డాలర్లు కేటాయించారు. రాష్ట్రంలో ప్రభుత్వ బడుల పిల్లలే 55 లక్షల దాకా ఉన్నారు, ఆ డబ్బు ఒక లక్ష మందికి కూడా చాలదు.

మీ కుటుంబానికి ఈ ఏడాది దాన్ని లెక్కలో పెట్టుకోకండి. 2026-27కి దరఖాస్తులు ఫిబ్రవరి 4న తెరిచి మార్చిలో మూసేశారు, మీరు దిగేది జులైలో. వచ్చే ఏడాదికైనా వరస ఇలా ఉంటుంది: ముందు పరిమిత ఆదాయపు కుటుంబాల్లోని వైకల్యమున్న పిల్లలు, తర్వాత పేదరిక రేఖకి రెండింతల లోపు ఆదాయం, ఆ తర్వాత అయిదింతల లోపు, చివర్లో మిగతావాళ్లు. ఆ చివరి వరసకి మొత్తం డబ్బులో 20 శాతం మించి ఇవ్వరు. 2025 లెక్కలో నలుగురి కుటుంబానికి అయిదింతలంటే 1,60,750 డాలర్లు. ఇద్దరూ ఐటీ ఉద్యోగాలైతే చివరి వరసే. వీసా విషయానికొస్తే, పిల్లలు అమెరికా పౌరులు లేదా చట్టబద్ధంగా దేశంలోకి అనుమతి పొందినవారై ఉండాలని చట్టం అంటోంది. హెచ్4 ఆ మాట కిందికే వస్తుంది, కానీ దరఖాస్తు రోజున ఏ కాగితాలు అడుగుతున్నారో ఈ పథకం నడిపే రాష్ట్ర కంప్ట్రోలర్ సైటులో చూసుకోండి.

డబ్బు మీ చేతికి రాదు, పథకం ఖాతా నుంచి బడికి పోతుంది. ఫీజు ఎక్కువైతే మిగతాది మీ జేబులోంచే. పిల్లాణ్ణి చేర్చుకోవాలా వద్దా అన్నది బడి ఇష్టం. ప్రభుత్వ బడిలో చదివిస్తూ ట్యూషన్‌కి వాడుకుందామంటే కుదరదు.

అందుకే మీకు అసలు ఎంపిక అడ్రసే. ఉత్తరాలకి 'ఫ్రిస్కో' అని రాసే అడ్రసులు కొన్ని ఫ్రిస్కో డిస్ట్రిక్టులో కాకుండా లిటిల్ ఎల్మ్, లూయిస్‌విల్, ప్రాస్పర్ డిస్ట్రిక్టుల్లో ఉంటాయి. లీజుకి ముందే డిస్ట్రిక్టు సైటులో అడ్రసు కొట్టి ఏ బడి వస్తుందో చూడండి. ఏజెంటు మాట మీద ఆధారపడొద్దు.

పాప సంగతి చాలామందికి తెలియదు. సెప్టెంబరు 1 నాటికి నాలుగేళ్లు నిండి, ఇంగ్లీషు మాట్లాడలేని, అర్థం చేసుకోలేని పిల్లలకి టెక్సస్‌లో ప్రీ-కె (కిండర్‌గార్టెన్‌కి ముందు తరగతి) ఉచితం, ఆదాయంతో పని లేదు. చేర్చేటప్పుడు ఇంటి భాష ఫారంలో 'తెలుగు' అని ఉన్నదున్నట్టు రాయండి. పాపకి చిన్న పరీక్ష పెట్టి నిర్ణయిస్తారు. పరీక్ష ఎందుకొచ్చిన బాధ అని 'ఇంగ్లీషు' రాసేసి ఉచిత సీటు పోగొట్టుకునేవాళ్లున్నారు.

జవాబు 4: ఈ వాదనలు ఎందుకు తెలుసుకోవాలి

ఓటు లేకపోయినా బిల్లు కట్టేది మీరే కాబట్టి కొంచెం తెలిసి ఉండాలి.

బడి దగ్గర తగువు ఇదీ: టెక్సస్‌లో డిస్ట్రిక్టుకి డబ్బు పిల్లల హాజరుని బట్టి వస్తుంది. ఇరవైమంది వెళ్లిపోతే ఆ ఇరవైమంది డబ్బు పోతుంది, బస్సు ఖర్చు, భవనం ఖర్చు మాత్రం అలాగే ఉంటాయి. పల్లె ప్రాంతాల రిపబ్లికన్లు కొందరు డెమొక్రాట్లతో కలిసి 2023 నవంబరులో రాష్ట్ర ప్రతినిధుల సభలో 84-63 ఓట్లతో వోచర్లని, అంటే ప్రైవేటు బడికి ప్రభుత్వ డబ్బుని, బిల్లులోంచి తీయించారు. 2024లో పార్టీ అభ్యర్థుల్ని ఎంచుకునే ప్రైమరీ ఎన్నికల్లో ఆ రిపబ్లికన్లలో చాలామంది ఓడిపోయాకే 2025లో చట్టం వచ్చింది. అయితే బడులు మూతపడే ప్రతిచోటా వోచర్లదే తప్పనడం సరికాదు. ప్లానో డిస్ట్రిక్టు నాలుగు బడులు మూసెయ్యాలని 2024లోనే, అంటే ఈ చట్టానికి ముందే నిర్ణయించింది. కారణం పిల్లల సంఖ్య తగ్గడం.

కరెంటులో వాదన ఇంకా లోతైంది. ఇక్కడ ప్లాంటుకి డబ్బు అమ్మిన కరెంటుకే గాని, చలికి తట్టుకుని సిద్ధంగా ఉన్నందుకు కాదు. 2021 ఫిబ్రవరి తుపానులో 45 లక్షల ఇళ్లకి పైగా కరెంటు పోయింది, రాష్ట్రం లెక్కలోనే 246 మంది చనిపోయారు. మెగావాట్-అవర్ (వెయ్యి యూనిట్లు) హోల్‌సేల్ ధర 9,000 డాలర్ల గరిష్ఠ పరిమితి దగ్గర నిలబడింది, అలా నిలబెట్టింది కమిషన్ ఆదేశమే. దాన్ని స్వేచ్ఛా మార్కెట్ అనడం నాకు ఒప్పుదల కాదు. తర్వాత పరిమితిని 5,000కి దించారు, ప్లాంట్లు చలికి సిద్ధపడాలని చట్టం చేశారు, హోల్‌సేల్ ధరకి ముడిపెట్టిన ప్లాన్లని ఇళ్లకి నిషేధించారు. 2023లో గ్యాస్ ప్లాంట్లకి 3 శాతం వడ్డీకి అప్పులిచ్చే నిధికి ఓటర్లు ఒప్పుకున్నారు. పోటీ మీద నమ్మకమున్నవాళ్లలో చాలామంది దాన్నే తప్పుపడతారు: ఒక ఇంధనానికి చౌక అప్పు ఇచ్చాక ఇక పోటీ ఎక్కడిది అని. నేనూ ఆ పక్షమే.

జవాబు 1 రాసినవారు మళ్లీ

చివరి జవాబుతో నాకు సగమే ఏకీభావం. సిద్ధంగా ఉన్న ప్లాంటుకి ఎవరో ఒకరు డబ్బు కట్టకపోతే జనవరి రాత్రి ఆ ప్లాంటు ఉండదు. ఆ వాదన వేరే చర్చలో చేసుకుందాం. చలికాలానికి మాత్రం దుప్పట్లు, తాగునీళ్లు, ఫోన్లకి పవర్ బ్యాంకులు ముందే పెట్టుకోండి. గ్యాస్ పొయ్యిని గది వెచ్చబెట్టడానికి వాడకండి. 2021లో కార్బన్ మోనాక్సైడ్‌తో కూడా మనుషులు పోయారు.

జవాబు 3 రాసినవారు మళ్లీ

హైదరాబాద్‌లో ఉండగానే చెయ్యాల్సింది ఒకటి మిగిలింది. ఇక్కడి బడులు అడిగే టీకాల్లో చికెన్‌పాక్స్ రెండు డోసులు, హెపటైటిస్ ఎ రెండు డోసులు మన ప్రభుత్వ టీకాల పట్టికలో ఉండవు, చాలామంది పిల్లలకి పడి ఉండవు. వరసలో ఒక్క డోసైనా పడి ఉంటే తాత్కాలికంగా చేర్చుకుంటారు. హెపటైటిస్ ఎ రెండు డోసులకి ఆరు నెలల ఎడం కావాలి కాబట్టి మొదటిది అక్కడే వేయించండి. ఒక్క డోసుతో సరిపెట్టే రకం కాకుండా రెండు డోసుల రకం అడగండి. తేదీ, డాక్టరు సంతకం ఇంగ్లీషులో ఉండేలా చూసుకుని, ఆ కార్డు చేతి సంచిలో పెట్టుకోండి, చెక్-ఇన్ పెట్టెలో కాదు.