అప్‌డేట్: స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ కోసం ఏ కాలేజీ అని అడిగాను కదా

ఇంటర్ అయ్యాక స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ (ఆటల పోటీలు, క్లబ్బులు నడిపే పని) బీబీఏలో చేరాలా, మామూలు డిగ్రీ చేసి అందులో పీజీకి వెళ్లాలా అని మార్చిలో ఇక్కడ అడిగాను. రెండోదే ఖాయం చేశాను, హైదరాబాద్‌లో బీకామ్‌లో చేరిపోయాను. ముందు చూసిన ప్రైవేటు కాలేజీలో ఇంటర్న్‌షిప్ ఎక్కడ చేయిస్తారని మీరు చెప్పినట్టే అడిగితే ఒక్క క్లబ్బు పేరు కూడా చెప్పలేకపోయారు, ఆ ఫీజు కోసం నాన్న అప్పు చేయడానికి సిద్ధమయ్యారంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. డిగ్రీ తర్వాత పుణె సింబయాసిస్‌లో ఎంబీఏకి, కోల్‌కతాలో ఐఐఎస్‌డబ్ల్యూబీఎం అనే మేనేజ్‌మెంట్ కాలేజీలో పీజీ డిప్లొమాకి ప్రయత్నిస్తా.

ఈలోగా ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌కి వాలంటీర్‌గా వెళ్లాను. తెల్లారకముందే నీళ్ల స్టాల్ దగ్గర నిలబడి, కప్పులు సరిపోతాయా, ఇంకో ట్రిప్పు నీళ్లు ఎప్పుడు తెప్పించాలి అని ఒకటే టెన్షన్, అయినా నాకు కావలసిన పని ఇదేనని అక్కడే తెలిసింది. సలహా ఇచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్ అండీ.