తండ్రి సొమ్ము లేకపోతే సెజాన్ చిత్రకారుడయ్యేవాడా?

చిత్రరేఖ:
ఫ్రెంచి చిత్రకారుడు పాల్ సెజాన్ గురించి రాసేవారందరూ ఆయన పట్టుదలను మెచ్చుకుంటారే గాని, ఆ పట్టుదలకు పెట్టుబడి ఎవరిదో చెప్పరు. తండ్రి లూయీ ఒగూస్త్ టోపీల వ్యాపారంతో మొదలుపెట్టి, 1848లో ఎక్స్-ఆన్-ప్రొవాన్స్‌లో బ్యాంకు స్థాపించాడు. పారిస్‌లో జరిగే పెద్ద చిత్రప్రదర్శన సలోన్ ఆయన చిత్రాలను ఎన్నిసార్లు తిరగ్గొట్టినా (1882లో మాత్రం న్యాయనిర్ణేతల్లో ఉన్న మిత్రుడు గిమే చలవతో ఒక చిత్రానికి చోటు దొరికింది) సెజాన్ ఇంట పొయ్యి ఆరలేదంటే, తండ్రి పంపే నెలసరి సొమ్మే అందుకు కారణం. అది లేకపోతే ఆయన ఆ ఊళ్లోనే గుమాస్తాగా మిగిలిపోయేవాడని నా వాదన.

నీలాంబరి:
చిత్రరేఖ గారూ, డబ్బు సంగతి చెప్పి, దానికి కట్టిన తాడును మీరు వదిలేశారు. న్యాయశాస్త్రం చదువును వదిలి 1861లో పారిస్ వెళ్లిన సెజాన్, నిరుత్సాహపడి అదే ఏడాది తిరిగివచ్చి తండ్రి బ్యాంకులోనే కొన్నాళ్లు పనిచేశాడు. అంటే గుమాస్తా బతుకు ఆయన చేతికి వచ్చింది, ఆయనే దాన్ని కాదనుకున్నాడు. ఒర్తాన్స్ ఫికేతో కాపురాన్నీ, 1872లో పుట్టిన కొడుకునూ ఏళ్ల తరబడి దాచడం కూడా ఆ నెలసరి తెగిపోతుందన్న భయంతోనే. 1878లో ఒక ఉత్తరాన్ని తండ్రి విప్పి చదవడంతో గుట్టు రట్టయింది, సొమ్ముకు కోత పడింది. అప్పుడు ఒర్తాన్స్‌కు డబ్బు పంపి ఆదుకున్నవాడు బాల్యమిత్రుడు ఎమిల్ జోలా. ఇక ముదురు రంగులను కత్తితో దట్టంగా మెత్తే ఆ చేతికి వెలుతురు అబ్బింది 1872 తర్వాత పోంత్వాజ్, ఓవేర్‌లలో, చిత్రకారుడు పిసారో పక్కన నిలబడి దృశ్యాన్ని చూడడం నేర్చుకున్న రోజుల్లో. అది ఏ బ్యాంకు ఇచ్చిన అప్పు?

పాతకుంచె:
ఇద్దరూ అసలు ఘట్టానికి ముందే ఆగిపోయారు. 1886 ఏప్రిల్‌లో ఒర్తాన్స్‌తో పెళ్లి, అక్టోబరులో తండ్రి మరణం, వాటాగా సుమారు 4 లక్షల ఫ్రాంకుల ఆస్తి. ఆ ఆస్తి ఆయనకు ప్రతిభను ఇవ్వలేదు, నిదానాన్ని ఇచ్చింది. బల్ల మీది పళ్లు కుళ్లిపోయేంత, పూలు వాడిపోయి కాగితం పూలు పెట్టుకోవలసి వచ్చేంత నిదానం అది. తన చిత్తరువు కోసం 115 సార్లు కూర్చున్నానని చిత్రాల వ్యాపారి వొల్లార్ చెప్పుకున్నాడు. వ్యాపారి మాట గనక కొంత తగ్గించి నమ్ముదాం. ఆ వొల్లార్ దుకాణంలోనే 1895లో తొలి సొంత ప్రదర్శన జరిగేనాటికి సెజాన్‌కు 56 ఏళ్లు. ఏ నెలకానెల బొమ్మలమ్మి అద్దె కట్టవలసినవాడు, సెంత్-విక్త్వార్ కొండను అన్నేళ్లు అన్నిసార్లు వేస్తూ కూర్చోగలడా?

చిత్రరేఖ:
గుమాస్తా మాటను వెనక్కి తీసుకుంటున్నాను. కాని నీలాంబరి గారూ, జోలా పంపిన సొమ్ము కూడా మరొకరి సొమ్మే కదా. సెజాన్ తన బొమ్మల సంపాదనతో ఇల్లు గడుపుకున్న ఏడాది, 1895కు ముందు, ఒక్కటి చూపించండి.