మ్యాన్ పేజీల ఇండెక్స్‌లో ఏముండాలి: నేమ్ లైను ఒక్కటేనా, పేజీ మొత్తమా?

సూదికన్ను: మ్యాన్ పేజీలకు, అంటే యూనిక్స్, లినక్స్‌లతో వచ్చే మాన్యువల్ పేజీలకు, కీవర్డ్ ఇండెక్స్ కడుతున్నాం. వాటిలో మాట వెతికే అప్రోపోస్ కమాండ్ మామూలుగా పేజీ మొదట్లో ఉండే నేమ్ సెక్షన్‌లోని పేరు, ఒక్క లైను వివరణ మాత్రమే చూస్తుంది. అది చాలదంటాను. లినక్స్‌లో "డిలీట్" అని వెతకండి. యూజర్ ఖాతా తీసేసే యూజర్‌డెల్ వస్తుంది, అక్షరాలు మార్చే, తీసేసే టీఆర్ వస్తుంది, అన్‌లింక్ సిస్టమ్ కాల్ కూడా వస్తుంది. ఫైళ్లు తీసేసే ఆర్‌ఎం మాత్రం రాదు, దాని లైన్లో ఉన్న మాట "రిమూవ్" కాబట్టి. కొత్తవాళ్లకు ఈ సంగతి ఎలా తెలుస్తుంది? పేజీ మొత్తం ఇండెక్స్ చేయాల్సిందే.

పాతటెర్మినల్: మొత్తం చేస్తే "ఫైల్" అని కొట్టినవాడి గతేంటి? సగం మాన్యువల్ వచ్చి మీద పడుతుంది. 1979 నాటి ఏడో ఎడిషన్ యూనిక్స్ మాన్యువల్‌లో పర్మ్యూటెడ్ ఇండెక్స్ అచ్చేశారు. నేమ్ లైన్లోని ముఖ్యమైన మాటలు ఒక్కొక్కటీ అక్షరక్రమంలో వచ్చేవి, చుట్టూ మిగతా లైను కనిపించేది. జనం దాంతోనే పని చేసుకున్నారు. లోపం ఇండెక్స్‌ది కాదండీ, లైను రాసినవాళ్లది. "డిలీట్" కూడా చేర్చమనండి.

మూడోసెక్షన్: చేర్చకూడదు. పేరిస్తే అదేంటో చెప్పే వాటీజ్ కమాండ్ చూపించేదీ ఆ లైనే. పర్యాయపదాలన్నీ అందులో కుక్కితే చదవడానికి పనికిరాదు.

సూదికన్ను గారూ, ఇంకోటి. ఆర్‌ఎం పేజీ లోపల కూడా ఆ మాట లేకపోతే, మొత్తం ఇండెక్స్ చేసినా మీకది దొరకదు కదా!

గ్రెప్‌గిరి: పాతటెర్మినల్ గారి భయం ఫలితాలను ప్రాధాన్యం వారీగా పేర్చే ర్యాంకింగ్ లేని రోజులది. యూనిక్స్ కుటుంబంలోని నెట్‌బీఎస్‌డీలో ఉండే అప్రోపోస్ ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌తో పేజీ మొత్తం వెతుకుతుంది, నేమ్ సెక్షన్‌కు ఎక్కువ బరువిస్తుంది. అన్ని పేజీల్లోనూ ఉండే మాటకు విలువ తగ్గుతుంది. పర్యాయపదాలంటారా, వెతికేటప్పుడు చూసుకునే చిన్న పట్టిక పెట్టుకోండి, పేజీలను ముట్టుకోనక్కర్లేదు.

మొత్తం పాఠం అంటే మాత్రం సోర్సు (పేజీ రాసిన ముడి ఫైలు) తీసుకోకండి, ఫార్మాట్ చేశాకే తీసుకోండి. మ్యాన్ కమాండ్‌కు పెద్ద కె ఆప్షన్ ఇస్తే, లినక్స్‌లో దాన్ని నడిపే మ్యాన్-డీబీ ప్రోగ్రాం సోర్సులనే తిరగేస్తుంది. నిదానం సంగతి అటుంచండి, సోర్సులో హైఫన్ ముందు బ్యాక్‌స్లాష్ ఉంటుంది గనక పేజీలో కళ్లెదుట కనిపించే ఆప్షనే దొరక్కపోవచ్చు. ఎవరికీ కనిపించని కామెంటు మాత్రం దొరుకుతుంది!

సూదికన్ను: అదే కుటుంబంలోని ఓపెన్‌బీఎస్‌డీ పద్ధతి మాటేమిటి? ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్, ఎర్రర్ కోడ్ అని విడివిడిగా వెతకొచ్చుగా.

గ్రెప్‌గిరి: నా ఓటు దానికే, కానీ అది ఎండాక్ మాక్రోల పుణ్యం, అంటే ఏ మాట ఏ రకమో సోర్సులో చెప్పే గుర్తులది. లినక్స్ పేజీలు చాలావరకు పాత మ్యాన్ మాక్రోల్లో ఉన్నాయి. ఏది బోల్డో తెలుస్తుంది, అది ఆప్షనో వేరియబులో తెలీదు.

పాతటెర్మినల్: సరే, ముందు నేమ్ లైన్లు చూడండి. ఏమీ రాకపోతేనే లోపల వెతకండి.

మూడోసెక్షన్: "డిలీట్"కి ఫలితాలు వచ్చాయిగా! కావాల్సినది రాలేదంతే. మీ షరతు ప్రకారం లోపల వెతికే అవకాశమే రాదు.

పాతటెర్మినల్: నిజమే. అయితే రెండూ ఒకేసారి వెతికి విడివిడిగా చూపించండి, పైన నేమ్ లైన్లవి, కింద లోపలివి. కలిపేయొద్దు. పై భాగంలో లేదంటే ఏ నేమ్ లైన్లోనూ లేదని గట్టిగా తెలియాలి.

సూదికన్ను: అలాగే చేస్తాను, పర్యాయపదాల పట్టికతో సహా. రెండు భాగాల్లోనూ మాన్యువల్‌లో కమాండ్లుండే ఒకటో సెక్షన్ ముందు పెడతాను.

మూడోసెక్షన్: మా ఫంక్షన్లుండేది మూడో సెక్షన్‌లో. సీ ప్రోగ్రాములు రాసేవాళ్లం ఏ పాపం చేశామండీ? ఆ వరుస మార్చుకునే ఆప్షన్ ఇవ్వండి.