దాపటెద్దులో ‘దాపు’ ఉందా?

చికాగో నుంచి డెన్వర్‌కి కార్లో వెళ్తూ, దారిలో డెమోయిన్ పక్కన అర్బన్‌డేల్‌లో ‘లివింగ్ హిస్టరీ ఫార్మ్స్’ చూశాం. 1970లో మొదలైన మ్యూజియం. అద్దాల బీరువాల మధ్య తిరిగే రకం కాదు. 1700 నాటి అయోవే తెగ పొలం, 1850 నాటి వలస రైతు పొలం, 1900 నాటి గుర్రాల సేద్యం, దేనికదే ఆ కాలపు పద్ధతిలో నడిపి చూపిస్తారు. నేను 1850 దగ్గరే ఆగిపోయాను. దుంగల ఇల్లు, ఎద్దుల జత! మనం మెడ కింద తాడు కడతాం కదా, అక్కడ కాడికి యూ ఆకారంలో వంచిన కర్ర దిగేస్తారు. ముక్కుతాడు లేదు, పగ్గం లేదు. తోలేవాడు జతకి ఎడమ పక్కన నడుస్తూ ‘జీ’ అంటే కుడికి, ‘హా’ అంటే ఎడమకి తిరుగుతాయి.

మనిషి ఎడమవైపు ఉంటాడు కాబట్టి ఆ పక్క ఎద్దుని వాళ్లు ‘నియర్’ అంటారు, అంటే దగ్గరిది. కుడిది ‘ఆఫ్’, అవతలిది. మన దాపటెద్దు కూడా ఎడమదేగా! దాపు అంటే దగ్గర. మనవాళ్లూ ఇలాగే ఆలోచించి పెట్టారా ఈ పేరు?

జవాబు: ముచ్చటగా ఉంది కానీ కుదరదండీ. దాపట పాత రూపం డాపల. ‘ఎడమ’లో ఉన్న ‘ఎడ’, తమిళంలో ‘ఇడ’, తెలుగులో అచ్చు వెనక్కి జరిగి ‘డా’ అయింది. తమిళ ఉరల్ మనకి రోలు అయినట్టు, ఇరండు రెండు అయినట్టు. తర్వాత డప్పి దప్పి అయిన దారిలోనే డాపల దాపల అయింది. వలపట కూడా అంతే, తమిళ ‘వల’, కన్నడ ‘బల’, అన్నీ కుడే. పేరు దిక్కుని బట్టి వచ్చింది, మనిషి ఎక్కడ నడిచాడో దానికి పట్టదు. పైగా మన రైతు పక్కన నడవడు, మేడి పట్టుకుని వెనక నడుస్తాడు.

జవాబు: పోతన చల్దుల పద్యం గుర్తుందా? కృష్ణుడు కొమ్ముబూరా, కర్రా ‘డా చంక’ ఇరికించుకుని, ‘చల్దిముద్ద డాపలిచేత’ పెట్టుకుంటాడు. ఎడమ చేతిలో ముద్ద! మా ఇంట్లో అయితే వీపు మోగేది.

పోస్టు పెట్టినవారు: సరే, దాపు ఆశ వదిలేశాను. ఇంకో సంగతి. అక్కడి నాగలి మట్టిని కుడివైపుకి తిరగేస్తుంది, కుడి ఎద్దు చాల్లో నడుస్తుంది, ఎడమది దున్నని గట్టి నేల మీద. మన కొయ్య నాగలి మట్టిని చీలుస్తుందే గానీ తిరగెయ్యదు. మరి మనకి ఏ ఎద్దు ఏ పక్క అన్న పట్టింపు అంత ఉండేదా?

జవాబు: ఎందుకుండదు? అలవాటే అసలు సంగతి. మా ఊళ్లో వలపట నేర్చినదాన్ని దాపట కడితే చాలు వంకర పోయేది. జతలో ఒకటి పోతే సంతలో మొదటి ప్రశ్న ‘ఏ పక్కది?’ అనే. పళ్లు చూడ్డం తర్వాత.