భార్యాభర్తలం ఇద్దరం లాంగ్ రూట్ లారీ తోలాలనుకుంటున్నాం, తెలిసినవాళ్లు చెప్పండి

మాది భీమవరం దగ్గర. మా ఆయన చేపల లోడు వేసుకుని హౌరా, ఒక్కోసారి గౌహతి దాకా వెళ్తారు. సొంత లారీయే, ఇంకా కిస్తీలు ఉన్నాయి. ఐసు కరిగేలోపు చేరాలి కాబట్టి దారిలో తీరిగ్గా పడుకోవడం కుదరదు. రెండో డ్రైవరు సంక్రాంతికి ఊరెళ్లి మళ్లీ రాలేదు. పోయిన ట్రిప్పులో బరంపురం దాటాక కళ్లు మూతపడుతుంటే, ఐసు నీళ్లు మొహాన కొట్టుకుంటూ తోలారట. అది విన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు.

నాకు ట్రాక్టర్ వచ్చు. కారు లైసెన్స్ వచ్చి మూడేళ్లయింది. ఏడాది దాటితే హెవీకి ఎల్ఎల్ఆర్ ఇస్తారని, డ్రైవింగ్ స్కూల్ సర్టిఫికెట్ కావాలని తెలుసు. కానీ మా దగ్గర స్కూలుకి వెళ్తే "మీకెందుకమ్మా ఇది" అని నవ్వి పంపేశారు. ఆడవాళ్లకు ఓపిగ్గా హెవీ నేర్పేవాళ్లు గోదావరి జిల్లాల్లో గానీ విజయవాడలో గానీ ఉన్నారా?

అసలు భయం బండి తోలడం కాదు. పదహారో నంబరు హైవే మీద ఒడిశాలో రాత్రిపూట ఆడవాళ్లు స్నానానికి, బాత్రూంకి దిగగలిగే బంకులు, దాబాలు ఏవి? ఒకరు తోలుతుంటే క్యాబిన్ వెనక బెర్తు మీద ఇంకొకరికి నిజంగా నిద్ర పడుతుందా? ఆరో తరగతి పాపని అమ్మమ్మ దగ్గర ఉంచుదామంటే మా ఆయన ఒప్పుకోవట్లేదు. ఇలా జంటగా తిరిగినవాళ్లు ఉంటే, మొదటి ఆరు నెలలు ఎలా గడిచాయో దాచకుండా చెప్పండి.