మెడికల్ (ఎగరడానికి ఆరోగ్యం సరిపోతుందనే సర్టిఫికెట్) ఆగిపోయింది, వీసా గడువు నడుస్తోంది. ఏం చేయాలి?

ఫీనిక్స్ నుంచి, కొత్త సభ్యుడు:

అన్నలకు, అక్కలకు నమస్కారం. మాది ఏలూరు. కమర్షియల్ పైలట్ శిక్షణ కోసం ఎం-1 వీసా (వృత్తి శిక్షణకు ఇచ్చే అమెరికా విద్యార్థి వీసా) మీద వచ్చి మూడు నెలలైంది. వచ్చిన కొద్ది రోజులకే మెడికల్ పరీక్షకు వెళ్లాను. గతంలో తీసుకున్న చికిత్స గురించి ఫారంలో అడిగితే ఉన్నదున్నట్టు రాశాను. నాన్న చనిపోయిన ఏడాది, ఇంజినీరింగ్ రెండో సంవత్సరంలో, కుంగుబాటుకు ఇచ్చే ఎస్సిటాలోప్రామ్ అనే మందు ఎనిమిది నెలలు వాడాను. ఆపేసి నాలుగేళ్లు దాటింది. పరీక్ష చేసిన డాక్టరు "ఇది నేను తేల్చలేను, పైకి పంపిస్తున్నాను" అన్నారు. పది వారాలైంది, ఏ కబురూ లేదు. నాతో వచ్చినవాళ్లు సోలో (ఒంటరిగా విమానం నడపడం) పూర్తి చేశారు. నేను హ్యాంగరు పక్కన కూర్చుని వాళ్లు దిగడం చూస్తున్నాను. అద్దె, బ్యాంకు వడ్డీ మాత్రం ఆగడం లేదు. నా గదిలో ఉండే అబ్బాయి "ఎవరు రాయమన్నారు? ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లి ఆ విషయం లేకుండా కొత్త ఫారం నింపు" అంటున్నాడు. అలా చేయవచ్చా?

డాలస్ నుంచి, ఇన్‌స్ట్రక్టరుగా పనిచేస్తున్న సభ్యుడు:

తమ్ముడూ, ముందు నీ ఆఖరి ప్రశ్నకు జవాబు. వద్దు. ఆ ఆలోచన కూడా మనసులోకి రానీయకు. మొదటి ఫారం ఎఫ్‌ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) రికార్డులో ఉంది, రెండోది కూడా అక్కడికే చేరుతుంది. తప్పుడు సమాచారం ఇస్తే 2,50,000 డాలర్ల వరకు జరిమానా, అయిదేళ్ల వరకు జైలు అని ఆ ఫారం మీదే అచ్చువేసి ఉంటుంది. అంతదాకా పోకపోయినా, అబద్ధం బయటపడిన రోజున మెడికల్ ఒక్కటే పోదు, చేతిలో ఉన్న లైసెన్సులన్నీ రద్దు చేసే అధికారం ఎఫ్‌ఏఏకి ఉంది. అది రేపే బయటపడకపోవచ్చు. పదేళ్ల తరవాత, నీకు పెళ్లయి, ఇల్లు కొని, విమానానికి కెప్టెన్‌వి అయ్యాక బయటపడితే ఏం చేస్తావు? నువ్వు నిజం రాశావు. అందుకు నిన్ను ఎవరూ తప్పు పట్టకూడదు. నాకైతే గర్వంగా ఉంది.

వాళ్లు ఈ విషయంలో అంత పట్టుదలగా ఎందుకు ఉంటారో కూడా తెలుసుకో. 2015 మార్చి 24న జర్మన్‌వింగ్స్ విమానాన్ని సహ పైలటే ఆల్ప్స్ కొండలకు ఢీకొట్టించాడు. 150 మంది చనిపోయారు. అతను తన మానసిక జబ్బును కంపెనీకి తెలియకుండా దాచాడు. అతని శిక్షణలో కొంత భాగం జరిగింది నువ్వున్న ఊరి పక్కనే, అరిజోనాలోని గుడ్‌ఇయర్‌లో. నీ ఫైలు చూసే వైద్యుడి మనసులో ఆ 150 మంది ఉంటారు. ఆలస్యానికి అదొక్కటే కారణమని నేను అనను. కానీ నిన్ను అడిగే ప్రశ్నల వెనుక అది ఉంది.

ఇక నీకు జరిగినది డిఫరల్, అంటే నిర్ణయం వాయిదా వేసి పైకి పంపడం. అది తిరస్కారం కాదు. పరీక్ష చేసిన వైద్యుడు మూడు పనుల్లో ఒకటి చేయగలడు: సర్టిఫికెట్ ఇవ్వడం, నిరాకరించడం, నిర్ణయాన్ని ఓక్లహోమా సిటీలోని విభాగానికి వదిలేయడం. నీది మూడోది. తేలికపాటి ఆందోళన, కుంగుబాటు ఉండి చికిత్స ముగిసినవాళ్లకు కొన్ని సందర్భాల్లో ఆ వైద్యుడే సర్టిఫికెట్ ఇచ్చే మార్గాన్ని 2024లో తెరిచారు. దానికి పాత చికిత్స కాగితాలు కావాలి. నువ్వు అవి లేకుండా వెళ్లావని నా అనుమానం. నిజమేనా?

నా సంగతి చెబుతాను. నాది కిడ్నీలో రాయి. మా ఊరి ఆసుపత్రివాళ్లు డిశ్చార్జి సమ్మరీలో మొదటి పేజీ ఒక్కటే ఇచ్చారు. అదే పంపాను. స్కానింగ్ రిపోర్టు తరవాత పంపాను, డాక్టరు ఉత్తరం ఇంకో నెలకు పంపాను. ఇలా ముక్కలుగా పంపితే ప్రతి ముక్కా మళ్లీ వరసలో నిలబడుతుంది. ఈలోగా నేను ఇల్లు మారాను. ఒకరోజు తపాలా పెట్టె తెరిస్తే అడుగున ఒక కవరు, దాని మీద చిరునామా మార్చిన పసుపు స్టిక్కరు. లోపల ఎఫ్‌ఏఏ ఉత్తరంలో 60 రోజుల్లో జవాబివ్వాలని ఉంది. తేదీ చూస్తే అప్పటికే నలభై రోజులు గడిచాయి. మెట్ల మీదే కూర్చుండిపోయాను. మిగిలిన ఇరవై రోజుల్లో మా నాన్నగారు ఆసుపత్రి చుట్టూ ఎన్ని సార్లు తిరిగారో లెక్కలేదు.

కాబట్టి ఉత్తరం వచ్చేదాకా కూర్చోకు. ఈ రోజే ఏలూరుకు ఫోను చెయ్యి. నీకు వైద్యం చేసిన డాక్టరు నుంచి అప్పట్లో రాసుకున్న నోట్సు కావాలి, కేవలం "ఇప్పుడు బాగానే ఉన్నాడు" అనే సర్టిఫికెట్ సరిపోదు. ఏ జబ్బని నిర్ధారించారు, మందు ఎప్పుడు మొదలైంది, ఎంత మోతాదు, ఎప్పుడు ఆపారు, ఆసుపత్రిలో చేరావా, ప్రాణం తీసుకోవాలన్న ఆలోచనలు వచ్చాయా, ఆపిన తరవాత ఎలా ఉన్నావు, ఇవన్నీ అందులో ఉండాలి. లేనిది లేదనే రాయాలి, ఖాళీ వదిలితే మళ్లీ ప్రశ్న వస్తుంది. ఓపీ చీటీలైతే మన ఇళ్లలో అమ్మలు బీరువాలో దాస్తారు, అడుగు. ఉత్తరం వచ్చినప్పుడు అందులోని నీ ఫైలు నంబరును ప్రతి పేజీ మీదా వేసి, అంతా ఒకే కట్టగా పంపు. ఇల్లు మారితే మెడికల్ విభాగానికి విడిగా తెలియజేయి. లైసెన్సుల విభాగం వేరు, అక్కడ చిరునామా మారిస్తే ఇక్కడ మారదు.

ఈ లోపల రాత పరీక్షకు చదువు. దాని ఫలితం 24 నెలలు చెల్లుతుంది. ఇన్‌స్ట్రక్టరుతో కలిసి ఎగరడానికి మెడికల్ అవసరం లేదు, సోలోకు కావాలి. అలాగని సోలో దగ్గరికి రాగానే ఆగిపోయేటట్టు డబ్బంతా ఇప్పుడే విమానం నడిపే గంటలకు పోయకు. మిగతా ఇన్‌స్ట్రక్టర్లు ఈ మాట చెప్పరు, నేను చెబుతున్నాను.

న్యూజెర్సీ నుంచి:

బాబూ, వీసా సంగతి ఎవరూ ఎత్తలేదు. మీ స్కూల్లో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారికి మెడికల్ ఆగిందని రాతపూర్వకంగా చెప్పారా? నోటిమాట పనికిరాదు. ఎం-1 గడువు పొడిగింపును కోర్సు ముగిసే తేదీకి 60 రోజుల ముందు నుంచి 15 రోజుల ముందు వరకు మాత్రమే అడగాలి. ఆ రెండు తేదీలూ క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి. ఎం-1 నుంచి ఇక్కడే ఉండి ఎఫ్-1కి (కాలేజీ చదువుల వీసాకి) మారడం కుదరదు. ఎవరైనా డబ్బు తీసుకుని మారుస్తామంటే నమ్మవద్దు.

అమ్మగారికి ఈ సంగతి చెప్పారా, లేదా? చెప్పండి. పది వారాలుగా ఒక్కరే మోస్తున్నారని ఉత్తరం చదివితేనే తెలుస్తోంది. మనసు బాగాలేకపోతే మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లడానికి భయపడకండి. సర్టిఫికెట్ కోసం ఆరోగ్యాన్ని పణం పెట్టకూడదు.

ఓర్లాండో నుంచి:

నాకు కోపం ఆగడం లేదు. వైద్యం చేయించుకున్నవాడు నిజం చెబితే నెలల తరబడి ఆపడం, చేయించుకోకుండా బాధ దిగమింగినవాడు వారంలో గాల్లోకి లేవడం, ఇదేం పద్ధతి? పైలట్లు డాక్టరు దగ్గరికి వెళ్లడానికి భయపడుతున్నారన్న సంగతిని ఎఫ్‌ఏఏ నియమించిన కమిటీయే 2024లో గుర్తించి 24 సిఫారసులు చేసింది. వాటిని త్వరగా అమలు చేయాలి.  2025లో బడ్జెట్ తగాదాతో 43 రోజులు అమెరికా ప్రభుత్వ కార్యాలయాలు చాలావరకు మూతపడ్డాయి. ఇలాంటివి ఎప్పుడు వస్తాయో తెలియదు గనుక, తమ్ముడూ, రోజుల లెక్క వేసేటప్పుడు కనీసం రెండు నెలలు అదనంగా వేసుకో. అప్పు తీసుకునేటప్పుడే ఈ మాట ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేది.

ఫీనిక్స్ నుంచి, కొత్త సభ్యుడు:

అన్నయ్య అనుమానమే నిజం, నా దగ్గర ఒక్క కాగితం కూడా లేదు. కొత్త ఫారం ఆలోచన మానుకున్నాను. రాత్రి అమ్మకు ఫోను చేసి అంతా చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత లేచి బీరువా తీసిన చప్పుడు వినబడింది. నాలుగు చీటీలు దొరికాయట. రేపు ఉదయం వాటిని తీసుకుని డాక్టరుగారి దగ్గరికి వెళుతుంది. స్కూలు అధికారికి ఇప్పుడే మెయిలు పంపాను.

డాలస్ నుంచి:

మంచిది. అమ్మగారిని చీటీలు రెండు వైపులా స్కాన్ చేయించమను. మందు ఆపమన్న తేదీ మన డాక్టర్లు చాలాసార్లు వెనుక వైపే రాస్తారు.